ఎజిలిటీ పరీక్షలు: వ్యక్తిగత క్రీడలకూ జట్టు క్రీడలకూ ఒకే గీటురాయి సరిపోతుందా?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. బ్యాడ్మింటన్, టెన్నిస్, అథ్లెటిక్స్ వంటి వ్యక్తిగత క్రీడల నుంచి కొందరిని, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, కబడ్డీ జట్ల నుంచి కొందరిని తీసుకుని అందరికీ టి-టెస్ట్ (T ఆకారంలో పెట్టిన కోన్ల మధ్య పరుగు), ఇల్లినాయ్ టెస్ట్ (కోన్ల చుట్టూ మలుపుల పరుగు) పెట్టారు. జట్టు క్రీడల వారి సగటు సమయం కొద్దిగా తక్కువ వచ్చింది. దాన్నిబట్టి జట్టు క్రీడాకారులకే ఎజిలిటీ ఎక్కువని రాయవచ్చా, రాయకూడదంటే ఏ పరీక్ష పెట్టాల్సింది అని అడిగారు. రాయకూడదన్నదే నా సమాధానం. మీరు సమయాలు సరిగ్గా తీసి ఉండవచ్చు, లెక్కలూ సరిగ్గానే వేసి ఉండవచ్చు; చిక్కంతా ఆ రెండు పరీక్షలు నిజానికి ఏం కొలుస్తాయన్న దగ్గరా, క్రీడాకారులను రెండుగా విడదీయడానికి మీరు గీసిన గీత దగ్గరా ఉంది. పరీక్షల సంగతి ముందు చూద్దాం, గీత సంగతి అందులోంచే తేలుతుంది.

వ్యాయామ విద్యలో ఎజిలిటీని మనం చాలాకాలంగా చురుకుదనం అని పిలుస్తూ, శరీర దిశను వేగంగా మార్చగల సామర్థ్యమని చెప్పి ఊరుకున్నాం. 2006లో క్రీడా శాస్త్ర పరిశోధకులు జెరెమీ షెపర్డ్, వారెన్ యంగ్ కలిసి రాసిన సమీక్షా వ్యాసం ఈ నిర్వచనాన్ని బిగించింది: ఏదో ఒక ఉద్దీపనకు స్పందిస్తూ, శరీరం మొత్తంగా తన వేగాన్ని గానీ దిశను గానీ మార్చుకునే త్వరితమైన కదలికే ఎజిలిటీ. ఇందులో అసలు బరువంతా ‘ఉద్దీపనకు స్పందిస్తూ’ అన్న మాట మీద ఉంది. ఎదుటివాడి నడుము తిరగడమో, రాకెట్ ముఖం వాలడమో, బంతి గమనం మారడమో చూసి కదిలితే అది ఎజిలిటీ. ముందే తెలిసిన దారిలో కోన్ల చుట్టూ తిరిగితే అది దిశ మార్చే వేగం. ఎజిలిటీలో దిశ మార్చే వేగం ఒక భాగం మాత్రమే. చూసి గ్రహించడం, ముందే పసిగట్టడం, సరైన నిర్ణయం తీసుకోవడం మిగతా భాగం. మీరు పెట్టిన రెండు పరీక్షల్లోనూ ఈ మిగతా భాగం బొత్తిగా లేదు.

టి-టెస్ట్‌నే దగ్గరగా చూడండి. బయలుదేరిన చోటు నుంచి 9.14 మీటర్లు ముందుకు పరిగెత్తి నడిమి కోన్‌ను తాకాలి. అక్కడి నుంచి ఎడమకు 4.57 మీటర్లు పక్క అడుగులతో జరిగి, కుడికి 9.14 మీటర్లు వెళ్ళి, మళ్ళీ నడిమికి 4.57 మీటర్లు వచ్చి, చివరి 9.14 మీటర్లు వెనకడుగులతో వెనక్కి రావాలి. అసలు కొలతలు గజాల్లో ఉండడం వల్ల మీటర్లలో ఈ వింత అంకెలు వచ్చాయి. మొత్తం 36.56 మీటర్లు, నాలుగు మలుపులు. ప్రతి మలుపూ ఎక్కడ, ఎటు అన్నది బయలుదేరేముందే తెలుసు. 2000లో కాలేజీ వయసున్న 304 మంది స్త్రీపురుషులపై ఈ పరీక్షను పరిశీలించినవారు దాని విశ్వసనీయత చాలా ఎక్కువని చెబుతూనే, అది ప్రధానంగా కాళ్ళ వేగాన్నీ, ఆ తర్వాతనే కాళ్ళ శక్తినీ ఎజిలిటీనీ కలగలిపి కొలుస్తుందని తేల్చారు. అంటే ఒకే వ్యక్తికి మళ్ళీ మళ్ళీ పెట్టినా అదే ఫలితం నమ్మకంగా వస్తుంది. కానీ ఆ ఫలితానికి ఎజిలిటీ అని ఒక్క పేరే తగిలించడం కుదరదు.

ఇప్పుడు ఒక బ్యాడ్మింటన్ క్రీడాకారిణిని ఈ కోన్ల మధ్య నిలబెట్టండి. సింగిల్స్‌లో ఆమె వైపు కోర్టు పొడవు 6.7 మీటర్లు, వెడల్పు 5.18 మీటర్లు. ఒక మూల నుంచి ఎదురు మూలకు కర్ణం కొలిచినా సుమారు 8.5 మీటర్లకు మించదు. పైగా చివరి లంజ్ (ఒక కాలు ముందుకు చాచి వంగే పెద్ద అడుగు), చాచిన చెయ్యి, రాకెట్ పొడవు తీసేస్తే కాళ్ళు నడిచే దూరం ఇంకా తగ్గిపోతుంది. అంటే టి-టెస్ట్‌లోని మొట్టమొదటి ముక్కే, ఆమె మ్యాచ్‌లో ఏ ఒక్క షాట్ కోసమూ పరిగెత్తాల్సిన అవసరం రానంత దూరం. అదే 9.14 మీటర్లు ఫుట్‌బాల్ ఆటగాడికి ప్రతి పది నిమిషాల్లోనూ ఎన్నోసార్లు ఎదురయ్యే పరుగు. ఇక పక్క అడుగుల భాగమైతే బాస్కెట్‌బాల్‌లో డిఫెన్స్ నేర్పేటప్పుడు రోజూ చేయించే స్లైడ్ డ్రిల్‌కు అచ్చుగుద్దిన నకలు.

పరీక్ష పెట్టేటప్పుడు కోచ్‌లు సాధారణంగా ముగింపు గీత దగ్గర నిలబడి గడియారం చూస్తారు. ఒక్కసారి నడిమి కోన్ పక్కన కింద కూర్చుని పాదాలను మాత్రమే చూడండి. బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయి కోన్‌కు రెండడుగుల ముందే నడుము దించేస్తుంది. చివరి అడుగు పడేసరికి శరీరం అప్పటికే ఆగిపోయి ఉంటుంది, పాదాలు ఒకదాన్నొకటి దాటవు. స్ప్రింటర్ ఆమెకన్నా ముందే కోన్ దగ్గరికి వస్తాడు, కానీ నిటారుగా వస్తాడు. ఒకటిన్నర అడుగు దాటిపోయి, మోకాళ్ళు వంచకుండా నడుము మాత్రమే వంచి కోన్‌ను తాకుతాడు, పక్కకు జరిగేటప్పుడు కాళ్ళు అడ్డం పడతాయి. ఆ ప్రయత్నం చెల్లదని చెబితే రెండోసారి జాగ్రత్తగా, నెమ్మదిగా చేస్తాడు. గడియారం అతన్ని మందకొడి అని రాసుకుంటుంది. నిజానికి అతనికి లేనిది ఆ ఒక్క విన్యాసంలో అలవాటు. ముందు రోజు నాలుగైదు సార్లు చేయించి ఉంటే అతని సమయం ఎంత తగ్గేదో మీకు తెలియదు. అందుకే తొలిసారి పరీక్ష చేస్తున్నవారికీ రోజూ అదే డ్రిల్ చేసేవారికీ మధ్య తేడాను క్రీడల మధ్య తేడాగా చూపడం న్యాయం కాదు.

ఇల్లినాయ్ టెస్ట్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల స్థలంలో, మధ్యలో నాలుగు కోన్లు పెట్టి, బోర్లా పడుకున్న స్థితి నుంచి లేపి పరిగెత్తిస్తారు. మొత్తం దూరం 60 మీటర్ల దాకా ఉంటుంది, మంచి ఆటగాళ్ళకు కూడా 15 సెకన్లకు అటూఇటూ పడుతుంది. అంతసేపు పూర్తి వేగంతో పరిగెత్తితే దిశ మార్చే నేర్పుతో పాటు నేరుగా పరిగెత్తే వేగం, అలసటను ఓర్చుకునే శక్తి కూడా అంకెలోకి వచ్చి కూర్చుంటాయి. ఒక్క అంకెలో ఇన్ని కలిసిపోయే పరీక్షతో రెండు వర్గాలను పోల్చి, తేడాకు కారణం చెప్పమంటే నేను చెప్పలేను.

దిశ మార్చే వేగాన్ని మాత్రమే విడిగా పట్టుకోవాలంటే 505 పరీక్ష మేలు. 15 మీటర్లు నేరుగా పరిగెత్తి, గీత మీద కాలు మోపి 180 డిగ్రీలు తిరిగి వెనక్కి రావాలి. మలుపు గీతకు 5 మీటర్ల ముందు టైమింగ్ గేట్ (కిరణం తెగగానే సమయం నమోదు చేసే పరికరం) ఉంటుంది కాబట్టి లోపలికి 5 మీటర్లు, బయటికి 5 మీటర్లు మాత్రమే లెక్కలోకి వస్తాయి. ఒకే మలుపు, సుమారు రెండున్నర సెకన్లు. అయినా ఇందులోనూ నేరుగా పరిగెత్తే వేగం దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి తీయడానికి 505 సమయం నుంచి అదే క్రీడాకారుడి 10 మీటర్ల స్ప్రింట్ సమయాన్ని తీసేస్తారు. మిగిలినదాన్ని దిశ మార్పు లోటు అనుకోవచ్చు. ఉదాహరణకు ఒకరు 10 మీటర్లు 1.75 సెకన్లలో, 505ను 2.35 సెకన్లలో పూర్తి చేశారనుకుందాం, లోటు 0.60. మరొకరు 10 మీటర్లకు 1.90, 505కు 2.42 తీసుకున్నారనుకుందాం, లోటు 0.52. గడియారం మొదటివారినే గెలిపిస్తుంది, కానీ మలుపులో తక్కువ పోగొట్టుకున్నది రెండోవారు. మొదటివారికి వేగాన్ని నిలిపే బ్రేకింగ్ మీద, తొడ కండరాల ఎక్సెంట్రిక్ బలం (కండరం సాగుతూనే భారాన్ని ఆపగల బలం) మీద, మలుపుకు ముందరి అడుగు మీద పని చేయించాలి. రెండోవారికి మామూలు స్ప్రింట్ శిక్షణే ఎక్కువ లాభం. నేరుగా పరిగెత్తే శిక్షణ ఇస్తే మలుపులూ వాటంతటవే మెరుగవుతాయన్న నమ్మకం మన మైదానాల్లో గట్టిగా ఉంది. 2001లో యంగ్, ఆయన సహచరులు ఆరు వారాల శిక్షణతో చేసిన ప్రయోగంలో ఆ లాభం పదునైన మలుపులున్న పరుగుల్లోకి పెద్దగా బదిలీ కాలేదు.

ఈ లోటుకూ ఒక మెలిక ఉంది. వేగంగా వచ్చేవాడు ఎక్కువ వేగాన్ని ఆపాలి, బరువైనవాడు ఎక్కువ ద్రవ్యవేగాన్ని ఆపాలి. సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తున్న 80 కిలోల ఆటగాడి ద్రవ్యవేగం 480 అయితే, అదే వేగంతో వచ్చే 60 కిలోల ఆటగాడిది 360. కాబట్టి లోటు ఎక్కువగా ఉన్నంత మాత్రాన నేర్పు తక్కువని వెంటనే అనేయకుండా, పక్కన శరీర బరువు, స్ప్రింట్ సమయం కూడా పెట్టుకుని చదవాలి. కుడి కాలి మీద, ఎడమ కాలి మీద విడివిడిగా పరీక్షించాలి. రాకెట్ క్రీడల్లో, ముఖ్యంగా బ్యాడ్మింటన్‌లో, లంజ్ ఎక్కువగా ఒకే కాలి మీద పడుతుంది కాబట్టి రెండు వైపుల తేడాను గమనించకుండా సగటు తీస్తే అసలు విషయమే పోతుంది.

ఇక మీరు గీసిన గీత సంగతి. వ్యక్తిగత క్రీడ, జట్టు క్రీడ అన్నది పోటీ నిర్వహణకు పనికొచ్చే విభజన. పతకం ఒకరి మెడలో పడుతుందా పదకొండు మెడల్లో పడుతుందా అన్నది అది చెబుతుంది. కాళ్ళకూ కళ్ళకూ ఆ తేడా తెలియదు. టెన్నిస్ ఆటగాడు ఒంటరిగా ఆడతాడు, కానీ ప్రతి షాట్‌కూ ఎదుటివాడి భుజాన్ని చదివి, స్ప్లిట్ స్టెప్ (రెండు పాదాలతో చిన్న గెంతు) వేసి, బంతి ఎటు వస్తుందో తేలిన క్షణంలో ఆ దిక్కుకు తోసుకుంటాడు. వంద మీటర్ల స్ప్రింటర్ కూడా ఒంటరివాడే, కానీ తుపాకీ పేలాక అతను స్పందించాల్సింది ఏమీ లేదు, మలుపూ లేదు. జిమ్నాస్ట్ శరీరాన్ని అద్భుతంగా తిప్పుతుంది, కానీ ప్రతి కదలికా ముందే రాసిపెట్టుకున్నది. ఈ ముగ్గురినీ ఒకే వర్గంలో వేసి సగటు తీస్తే ఆ సగటు ఎవరిదీ కాదు. అవతలి వైపు చూస్తే, కబడ్డీలో రైడర్ ఊపిరి బిగపట్టి ఏడుగురి మధ్యకు ఒక్కడే వెళ్తాడు. ఆ ముప్పై సెకన్లు అతనిది ఏ జట్టు క్రీడ? ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌కూ అదే జట్టులోని మిడ్‌ఫీల్డర్‌కూ ఉన్న తేడా, చాలాసార్లు ఆ మిడ్‌ఫీల్డర్‌కూ టెన్నిస్ ఆటగాడికీ ఉన్న తేడా కన్నా ఎక్కువ.

నన్నడిగితే గీతను వేరే చోట గీయాలి. కదలిక నిర్ణయం ఎదుటివారి చేతిలో ఉన్న క్రీడలు ఒక వైపు. కదలిక ముందే ఖరారైన క్రీడలు మరో వైపు. నైపుణ్య అధ్యయనంలో వీటిని తెరిచిన నైపుణ్యాలు, మూసిన నైపుణ్యాలు అంటారు. అప్పుడు బ్యాడ్మింటన్, టెన్నిస్, రెజ్లింగ్, బాక్సింగ్, ఫెన్సింగ్ వచ్చి ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, కబడ్డీల పక్కన కూర్చుంటాయి. స్ప్రింట్, ఈత, వెయిట్‌లిఫ్టింగ్, జిమ్నాస్టిక్స్ అవతల ఉంటాయి. తెరిచిన క్రీడల్లో కూడా ఎంత దూరం కదలాలి, ఎంత కోణంలో తిరగాలి, ఎంతమందిని ఒకేసారి గమనించాలి అన్నవాటిని బట్టి మళ్ళీ తేడాలుంటాయి. బాక్సర్ ఎజిలిటీ అడుగున్నర దూరంలో, రెప్పపాటులో అయిపోతుంది. దాన్ని 36 మీటర్ల పరీక్షలో వెతకడం చేపను చెట్టు మీద వెతికినట్టే.

స్పందనతో కూడిన పరీక్షలే లేవా అంటే ఉన్నాయి. ఎక్కువగా వాడేది వై ఆకారపు పరీక్ష: క్రీడాకారుడు కొన్ని మీటర్లు నేరుగా వచ్చాక ఒక సంకేతం వెలువడుతుంది, దాన్నిబట్టి కుడికో ఎడమకో ఏటవాలుగా తిరిగి గేట్ దాటాలి. ఆ సంకేతం లైటు కావచ్చు, తెర మీద వీడియో కావచ్చు, ఎదురుగా నిలబడిన మనిషి కావచ్చు. 2006లోనే షెపర్డ్ బృందం ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద మనిషి సంకేతంతో చేసిన పరీక్ష, పై స్థాయి ఆటగాళ్ళను కింది స్థాయి వారి నుంచి వేరు చేయగలిగింది. అదే ఆటగాళ్ళను నేరు స్ప్రింట్ గానీ, ముందే తెలిసిన దారిలో దిశ మార్చే పరీక్ష గానీ వేరు చేయలేకపోయాయి. మీ ఫలితం ముందు పెట్టుకుని చదవాల్సినది ఇదే.

లైట్ల పరికరాలు ఇప్పుడు తేలిగ్గా దొరుకుతున్నాయి, అందుకే చాలామంది వాటినే వాడుతున్నారు. వాటి లాభం అందరికీ సంకేతం ఒకేలా రావడం. నష్టం కూడా అక్కడే ఉంది. అనుభవజ్ఞుడైన డిఫెండర్ ఎదుటివాడి తుంటి, ఆనుకున్న కాలు చూసి, అతను తిరగకముందే తిరుగుతాడు. ఏళ్ళ తరబడి సంపాదించిన విద్య అది. లైటుకు తుంటి లేదు, ఆనుకున్న కాలూ లేదు. లైటు ముందు పాతికేళ్ళ ఆటగాడూ నిన్న చేరిన కుర్రాడూ ఒకటే. అలా కొలిచినది ఎంపిక స్పందన సమయం (రెండు దిక్కుల్లో ఒకటి ఎంచుకుని కదలడానికి పట్టే సమయం), దానికి తోడు ఒక మలుపు. ఆటలోని ఎజిలిటీ దానిలో కొంతే. అందువల్ల సంకేతం ఇచ్చేవారి వల్ల వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులను భరించైనా సరే, నేను మనిషి సంకేతాన్నే ఎంచుకుంటాను.

దానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. సెకనుకు 240 ఫ్రేములు తీయగల ఫోన్ కెమెరాను, సంకేతమిచ్చే వ్యక్తీ క్రీడాకారుడూ ఇద్దరూ కనిపించేలా పక్కన పెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. ఎదుటివ్యక్తి దిశ తేల్చే అడుగు నేలను తాకిన ఫ్రేము నుంచి, క్రీడాకారుడు ఆ దిశకు మొదటి అడుగు మోపిన ఫ్రేము వరకు లెక్కపెడితే నిర్ణయ సమయం వస్తుంది. 60 ఫ్రేములైతే పావు సెకను. దీన్ని మొత్తం సమయం నుంచి విడదీస్తే, కాళ్ళు వేగంగా ఉండి కళ్ళు ఆలస్యమైనవారెవరో, కళ్ళు వేగంగా ఉండి కాళ్ళు ఆలస్యమైనవారెవరో స్పష్టమవుతుంది. కుడి, ఎడమ సమానంగా వచ్చేలా, కానీ వరుస ఊహించలేనట్టుగా కనీసం ఎనిమిది ప్రయత్నాలు ఇవ్వండి. తప్పు దిక్కుకు వెళ్ళిన ప్రయత్నాన్ని చెరిపేయకుండా తప్పుగానే రాసుకోండి. గుడ్డిగా ఊహించి పరిగెత్తేవారి సమయాలు బాగుంటాయి, వారి తప్పుల లెక్కే వారిని పట్టిస్తుంది.

కొలతలోని పొరపాటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ రెండు వర్గాల తేడా చాలా చిన్నదని మీరే రాశారు. చేతి స్టాప్‌వాచ్ నొక్కే బొటనవేలు ప్రతిసారీ ఒకేలా పలకదు. టైమింగ్ గేట్లలోనూ, ఒకే కిరణం ఉన్న గేట్‌ను ముందుకు ఊగిన చెయ్యి ముందే తెంచేస్తుంది. అందుకే కిరణం ఎత్తును అందరికీ నడుము దగ్గర ఉంచి, మొదటి గేట్‌కు 30 నుంచి 50 సెంటీమీటర్ల వెనక నుంచి బయలుదేరమంటారు. ఒకసారి నేనే వారం తేడాతో రెండు విడతల పరీక్ష పెట్టి, రెండో విడతలో అందరూ మెరుగయ్యారని సంతోషపడ్డాను; తీరా చూస్తే మొదటి విడత దుమ్ము పట్టిన సిమెంటు నేల మీద, రెండోది తుడిచిన చెక్క నేల మీద జరిగింది. బూటు, నేల, వార్మప్, రోజులో ఏ వేళ అన్నవి మారితే ఫలితమూ మారుతుంది. అథ్లెటిక్స్ వారు ట్రాక్ మీద, బ్యాడ్మింటన్ వారు ఇండోర్‌లో, ఫుట్‌బాల్ వారు గడ్డి మీద చేసి ఉంటే మీరు నేలలను పోల్చారు, క్రీడలను కాదు.

పొరపాటు ఎంతో అంచనా వేసే పద్ధతి సులభమే. ప్రతి వ్యక్తికీ రెండు ప్రయత్నాల మధ్య తేడా తీసి, ఆ తేడాల ప్రామాణిక విచలనాన్ని (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను) 1.41తో, అంటే 2 వర్గమూలంతో భాగించండి. ఆ విచలనం 0.28 సెకన్లనుకుంటే సాధారణ కొలత దోషం 0.20. మరోవైపు, పట్టించుకోదగిన కనీస తేడాగా సాధారణంగా తీసుకునేది వ్యక్తుల మధ్య ప్రామాణిక విచలనంలో ఐదో వంతు, అది 0.60 అయితే కనీస తేడా 0.12. మీ పనిముట్టు తడబాటే 0.20 ఉన్నప్పుడు, ఒక ఆటగాడు 0.12 మెరుగయ్యాడా లేదా అని ఆ పనిముట్టు చెప్పలేదు. సగటుల పోలికలో ఈ దోషం కొంత సర్దుకుంటుంది గానీ, రెండు వర్గాల్లో స్త్రీపురుషుల నిష్పత్తి, వయసు, శిక్షణ పొందిన ఏళ్ళు, పోటీ స్థాయి వేర్వేరుగా ఉంటే ఎంత కచ్చితమైన గేట్లు పెట్టినా ఆ తేడాలు సర్దుకోవు.

సేకరించిన వివరాలను పారేయకండి. శీర్షికలో ఎజిలిటీ అన్న మాట తీసి దిశ మార్చే వేగం అని రాయండి. రెండు వర్గాల సగటులకు బదులు ఒక్కో క్రీడనూ విడిగా చూపండి, స్త్రీలనూ పురుషులనూ వేరు చేయండి, ప్రతి సగటు పక్కనా విచలనం, మీ కొలత దోషం ఇవ్వండి. వీలైతే అదే క్రీడాకారులను మళ్ళీ పిలిచి, ఒక రోజు అలవాటు కోసం కేటాయించి, మరో రోజు ఒకే నేల మీద 10 మీటర్ల స్ప్రింట్, కుడి, ఎడమ కాళ్ళతో విడివిడిగా 505, మనిషి సంకేతంతో వై పరీక్ష పెట్టండి. అలసట తెచ్చే పరుగులేవైనా ఉంటే వీటి తర్వాతే ఉంచి, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య కనీసం రెండు మూడు నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి. ఆ అంకెలు వచ్చాక ముందుగా చూడాల్సింది మీ టెన్నిస్, బ్యాడ్మింటన్ ఆటగాళ్ళ నిర్ణయ సమయాలు. అవి స్ప్రింటర్ల దగ్గర నిలుస్తాయో, బాస్కెట్‌బాల్ వారి దగ్గర నిలుస్తాయో చూస్తే మీ విభజన ఉంచాలో మార్చాలో మీకే తెలుస్తుంది.